ఇంటను ఆసుపత్రిలోను అవే చేతులు



మన సంఘములలో ఎవరైనను మరణించినప్పుడు జ్ఞాపకార్థ కూడికలో పదిమంది లేచి మాటలాడుదురు. "ఆయన మంచివారు, అందరితో కలుపుగోలుగా ఉండెడివారు, పెద్ద మనస్సు గలవారు" అని చెప్పి కూర్చుందురు. ఈ మాటలు అబద్ధములు కావు. అయితే అవి సర్పంచికి సరిపోవును, వడ్రంగికిని సరిపోవును, ఎవరికైనను సరిపోవును. వినినవారు ఇంటికి వెళ్లి నేర్చుకొని చేయదగినది వాటిలో ఏమియు మిగులదు.

అందుచేత ఈ నెల మేము ఒక దంతవైద్యుని జ్ఞాపకము చేసికొనుచు, ఆయన గుణములను గూర్చి కాక, ఆయన ఏమి చేసిరో, ఎట్లు చేసిరో అది మాత్రమే వ్రాయదలచితిమి. పేరు వేయవద్దని ఆయన పిల్లలు కోరినందున పేరు వ్రాయుటలేదు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతములలో ఆయన కుర్చీలో కూర్చుండి నోరు తెరచినవారు పేరు లేకయే గుర్తుపట్టుదురు.

ఆలస్యముగా వచ్చిన వైద్యము

మన ప్రాంతమునకు వైద్యము ముందుగానే వచ్చినది గాని, పంటి వైద్యము చాల వెనుకగా వచ్చినది. మెన్నొనైట్ బ్రదరెన్ మిషను మొదటి వైద్యురాలైన డాక్టర్ కాతరీనా షెల్లెన్‌బర్గ్ దొరసాని 1907లో అమెరికా నుండి వచ్చి, 1945లో కన్నుమూయు వరకు ఈ తెలుగు దేశములోనే సేవచేసిరి. శంషాబాదు ఆసుపత్రి పేరు చెప్పగానే వృద్ధులు ఆమెను తలంచుకొనెడివారు. జ్వరములకు, కాన్పులకు, పుండ్లకు ఆ విధముగా మందు దొరికినది.

పంటికి మాత్రము దిక్కు లేకుండెను. మన దేశములో మొదటి దంతవైద్య కళాశాలను అమెరికాలో చదివి వచ్చిన డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ గారు 1920లో కలకత్తాలో స్థాపించిరి. దంతవైద్యుల చట్టము 1948లో వచ్చినది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో ఏర్పడినది. అంతవరకును, అటు తరువాత చాలకాలము కూడ, మన పల్లెలలో పన్ను నొచ్చినయెడల లవంగము నమలుట, పుచ్చిన రంధ్రములో పొగాకు కూరుట, జిల్లేడు పాలు పోసి చిగురు కాల్చుకొనుట, చివరకు సంతలో గోనెపట్ట పరచుకొని కూర్చున్నవాని చేత పీకించుకొనుట. పండ్లూడగొట్టుకొనుటకు ఏ రాయి అయితేనేమి అను సామెత ఊరకే పుట్టలేదు.

ఇట్టి దినములలో మన దంతవైద్యుడు హైదరాబాదులో చదువు ముగించుకొని వనపర్తికి వచ్చిరి. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును ఒక్క మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. అవి వేరు జిల్లాలైనది 2016 అక్టోబరులో గదా. బస్టాండుకు దగ్గరగా ఒక అద్దె గది, ఒక ఇనుప కుర్చీ, కరెంటు పోయినప్పుడు కాలితో త్రొక్కి తిప్పు యంత్రము, పరికరములను ఉడికించుటకు ఒక కిరోసిను స్టవ్వు, ఇవి ఆయన ఆస్తి. వారమునకు ఒక దినము గద్వాలకు, ఒక దినము నాగర్‌కర్నూలుకు తోలుసంచితో బస్సులో పోయెడివారు. గద్వాలలో మగ్గముల వారు, నాగర్‌కర్నూలులో కొల్లాపురము, అచ్చంపేట వైపు నుండి వచ్చినవారు ఆయన కొరకు అరుగులమీద కూర్చుండి కనిపెట్టెడివారు.

నొప్పిని గూర్చి అబద్ధమాడని వైద్యుడు

మా ఇంటిలో మూడు తరములవారు ఆయనకు నోరు చూపిరి. మేము చూచిన మొదటి సంగతి ఇది. ఆయన ఎవరితోను "నొప్పి ఉండదు" అని అనలేదు.

"సారూ, నొస్తదా?" అని ముసలమ్మ అడుగును.

"నొస్తదవ్వా. సూది గుచ్చేటప్పుడు గండుచీమ కుట్టినట్లుంటది. నువ్వు పది లెక్కపెట్టు, అయిపోతది. తర్వాత గుంజినట్టు తెలుస్తది గాని నొప్పి తెల్వదు."

అవ్వకు లెక్క రానియెడల ఆయనే లెక్కపెట్టెడివారు. పదికి ముందే నొప్పి తగ్గును గనుక ఆమెకు ఆయన మాటమీద నమ్మకము కుదురును. స్వీడను దేశములో 1943లో నిల్స్ లోఫ్‌గ్రెన్ అను శాస్త్రజ్ఞుడు తయారుచేసిన లిగ్నోకెయిన్ అను మందే ఆ సూదిలో ఉండునది. అది పనిచేయుటకు కొన్ని నిమిషములు పట్టును. ఆ నిమిషములలో ఆయన పట్టకారు చేతపట్టుకొని నిలుచుండక, దానిని బట్ట క్రింద ఉంచి, వానలను గూర్చి, పిల్లల బడిని గూర్చి అడిగెడివారు. పెదవి బరువెక్కినదా అని విచారించి, చిగురు మీద తట్టి చూచి, ఇంకను తెలియుచున్నయెడల మరల ఆగెడివారు. "తొందర మనకు గాని మందుకు లేదు" అనునది ఆయన మాట.

పై పన్ను పీకించుకొన్న కన్ను పోవునను భయము మన గ్రామములలో ఇప్పటికిని ఉన్నది. ఆ భయముచేత చీము పట్టిన పంటితో నెలల తరబడి ఉన్నవారిని మేము ఎరుగుదుము. అట్టివారిని ఆయన గద్దించలేదు, నవ్వలేదు. గోడమీది పటము దగ్గరకు పిలిచి, కంటిచూపు నరము ఒకటనియు, పంటి నరము వేరొకటనియు వ్రేలితో చూపెడివారు. కన్ను పోగొట్టునది పన్ను పీకుట కాదు, పంటిలోని చీమును ముదరనిచ్చుటయే ప్రమాదమని చెప్పెడివారు.

అయితే పీకుట ఆయనకు చివరి పని. కూలి జనులు వచ్చి, "గుంజి పడేయి సారూ, మళ్ళ మళ్ళ రాలేము" అనెడివారు. వారి మాటలో న్యాయమున్నది. పన్ను నిలుపుకొనుటకు మూడుసార్లు రావలెను, మూడు దినముల కూలి పోవును. పీకించుకొనుటకు ఒక్క దినము చాలును. ఆయన రెండు లెక్కలును వారి ముందుంచి, నిర్ణయము వారికే విడిచెడివారు. ఒక్క విషయములో మాత్రము పట్టుబట్టెడివారు. పిల్లలకు ఆరేండ్ల వయస్సున పాల పండ్ల వెనుక, ఏ పన్నును ఊడకుండగనే, ఒక దవడ పన్ను వచ్చును. తలిదండ్రులు దానిని కూడ పాల పన్నే అనుకొని, పుచ్చినను, "ఊడిపోయి మళ్ళ వస్తది లే" అని విడిచిపెట్టుదురు. అది మరల రాదు. అది బ్రదుకంతటికి ఇచ్చిన పన్ను. ఆ పన్ను పుచ్చిన పిల్లను తెచ్చినయెడల, రూకలు తరువాత చూచుకొందమని చెప్పి ఆ దినమే సిమెంటు నింపెడివారు.

మూడు వ్రేళ్ళ పరీక్ష

మన జిల్లావారు కట్టల పనికి, మట్టి పనికి, బొంబాయి, పూనా మొదలగు దూర దేశములకు వలసపోవుట అందరికిని తెలిసినదే. పాలమూరు లేబరు అను పేరే పడినది. పండుగకు తిరిగివచ్చినవారిలో అనేకులు తంబాకును, గుట్కాను చెంపలో పెట్టుకొని పనిచేయుట అలవాటు పడి వచ్చెడివారు. ఆకలి తెలియదు, నిద్ర రాదు అని వారి సమాధానము.

వారు పంటి నొప్పికి వచ్చినప్పుడు ఆయన పన్ను చూచుటకు ముందుగా, "మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టు తమ్మీ" అనెడివారు. ఆరోగ్యముగా ఉన్నవానికి మూడును పట్టును. వక్క, గుట్కా తినువానికి చెంప లోపలి కండ గట్టిపడి, నోరు క్రమముగా మూసికొనిపోవును; రెండు వ్రేళ్ళు మాత్రమే పట్టును, తరువాత ఒక్కటే. కారము తినలేకపోవుట దీని మొదటి గురుతులలో ఒకటి. తుడిచినను పోని తెల్లని మచ్చ, రెండు మూడు వారములైనను మానని పుండు కనబడినయెడల ఆయన ఇక తన మందు ఇచ్చెడివారు కారు. చీటి వ్రాసి హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రికి పంపి, పోయిరా లేదా అని వారి బంధువులను విచారించెడివారు. గుట్కాను 2013లో ప్రభుత్వము నిషేధించినను, వక్కపొడి ఒక పొట్లములోను పొగాకు మరియొక పొట్లములోను అమ్ముడుపోవుచునే ఉన్నవి. చదువరులారా, మీ ఇంటి యౌవనస్థులచేత ఈ రాత్రియే మూడు వ్రేళ్ళ పరీక్ష చేయించుడి.

ఇంటిలోని రోగి

ఇంతవరకు చెప్పినది పట్టణమంతయు ఎరిగినది. ఇక చెప్పబోవునది కొందరే ఎరుగుదురు.

ఆయన భార్య ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయిని. ఒకప్పుడు ఆమెకు దవడ పన్ను తీయవలసివచ్చినది. వేలమంది పండ్లు తీసిన ఆయన, ఆమెను వెంటబెట్టుకొని మహబూబ్‌నగరులోని తోటి వైద్యుని యొద్దకు పోయిరి. మేము ఆశ్చర్యపడి కారణమడిగితిమి. "తీసే మనిషి ఎవరైనా దొరుకుతారు. ఆ వేళ చేయి పట్టుకునే మనిషి నేనొక్కన్నే గదా" అని చెప్పి వేరే మాట ఎత్తిరి.

ఆమె ఉద్యోగ విరమణ చేసిన కొలది కాలమునకు పక్షవాతము వచ్చినది. కుడి చేయి, కుడి కాలు పడిపోయినవి, మాట పోయినది. హైదరాబాదులో కొన్ని వారములుంచి ఇంటికి తెచ్చిరి. బంధువులు మంచి మనస్సుతోనే ఆలోచన చెప్పిరి. "నీ చెల్లెలిని పిలిపించుకో. కోడలిని తెచ్చి పెట్టుకో. ఆడవాళ్ళ పని నీతో ఏమవుతది?" అనిరి. ఆయన ఉదయపు స్నానమునకు ఒక స్త్రీని నియమించుకొని, మిగిలినదంతయు తానే చేయుటకు పూనుకొనిరి. గద్వాల, నాగర్‌కర్నూలు ప్రయాణములు మానివేసిరి. గది తలుపుమీద ఒక అట్ట కట్టిరి. మధ్యాహ్నము ఒంటిగంట తరువాత డాక్టరు ఉండరనియు, ఇంటిలో భార్య యొద్ద ఉందురనియు దానిమీద వ్రాసియుండెను. దూరమునుండి వచ్చి తిరిగిపోయినవారు సణిగిరి. రాబడి సగమాయెను. ఆ అట్ట ఎనిమిది సంవత్సరములు ఆ తలుపుమీదనే ఉండెను.

ఆయన నేర్చిన విద్య అక్కడ ఎట్లు ఉపయోగపడెనో వ్రాయుట అవసరము, ఏలయనగా పక్షవాత రోగులు మన ప్రతి గ్రామములోను ఉన్నారు. పడిపోయిన ప్రక్క చెంపలో అన్నము నిలిచిపోవును; రోగికి అది తెలియదు. పండుకొనినప్పుడు ఆ మెతుకులు ఊపిరితిత్తులలోనికి పోయినయెడల ఊపిరి అంటువ్యాధి కలిగి ప్రాణమునకే ముప్పు. కాబట్టి ఆయన ఆమెను నిటారుగా కూర్చుండబెట్టి, గడ్డము కొంచెము క్రిందికి వంచి, చిన్న చెంచాతో, మంచి ప్రక్కన అన్నము పెట్టెడివారు. ఒక్కొక్క ముద్ద మ్రింగినదని చూచిన తరువాతనే రెండవది. భోజనమైన పిమ్మట వ్రేలికి తడిపిన శుభ్రమైన బట్ట చుట్టి కుడి చెంప లోపల తుడిచెడివారు. రెండు పూటలు పండ్లు తోమెడివారు. కట్టుడు పండ్లను రాత్రి తీసి నీటిలో ఉంచెడివారు. అన్నము పెట్టిన తరువాత అరగంట వరకు ఆమెను పండుకొననిచ్చెడివారు కారు.

ఒకసారి అరుగుమీద ఇట్లు చేయుచుండగా చూచిన ఒక పెద్దమనిషి, "మగవాడివి, ఇంత చదివినవాడివి, నీకిది నామోషీ కాదా?" అనెను. ఆయన తల ఎత్తకయే, "నలభై ఏండ్లు పరాయి నోళ్ళలో చేయి పెట్టి బతికిన. అప్పుడు లేని నామోషీ నా భార్య నోరు తుడిస్తే ఎక్కడినుంచి వస్తది?" అనిరి.

ఆయనను దేవదూతను చేసి చూపుట మా ఉద్దేశము కాదు. ఆయన మితభాషి. సంఘ కమిటీలో పదవి ఇచ్చినను తీసికొనలేదు, కొందరు గర్వమనుకొనిరి. అలసటయు కోపమును ఆయనకును ఉండెను. "కోపం వచ్చినప్పుడు గిన్నె కింద పెట్టి వేపచెట్టు కాడికి పోయి నిలబడతా. కోపం దిగినంక మళ్ళ వస్తా. ఆమె ఎక్కడికీ పోలేదు గదా, నేను పోవచ్చునా?" అని ఒక సాయంకాలము మాతో చెప్పిరి. మేము ఆ ఇంట వినిన బోధలలో అది చాల పెద్దది.

మాట పోయినవారికి పాట మిగులుట కలదు. మెదడులో మాటకు ఎడమ భాగము ముఖ్యముగా పనిచేయుననియు, రాగమునకు కుడి భాగము తోడ్పడుననియు వైద్యులు చెప్పుదురు. కుటుంబ ప్రార్థనలో ఆయన గొంతు సరిగా లేకపోయినను ఎరిగిన కీర్తన ఎత్తుకొనగా, మంచినీళ్ళు కావలెనని అడుగలేని ఆమె, ఆ కీర్తన మాటలను స్పష్టముగా అందుకొనెను. ఆ దినమునుండి ప్రతి సాయంకాలము ఒక్క కీర్తనయైనను పాడకుండ ఆ ఇంట దీపము ఆర్పలేదు.

ఆయన విడిచిపోయిన నోటుపుస్తకము

ఆమెను సాగనంపి తరువాత తాను పోవలెనని ఆయన కోరిక. అది నెరవేరలేదు. ఒక తెల్లవారుజామున గుండెపోటుతో ఆయనే ముందుగా వెళ్లిపోయిరి.

కూడిక ముగిసిన తరువాత అందరి మనస్సులోను ఒక్కటే ప్రశ్న: ఇక ఆమెకు ఎవరు? కుమారుడు తండ్రి బల్ల సొరుగులో ఒక నూరు పుటల నోటుపుస్తకము కనుగొనెను. అందులో ఆస్తి లెక్కలు లేవు, అప్పుల లెక్కలు లేవు. అమ్మకు అన్నము ఎంత మెత్తగా ఉండవలెనో, ఏ ప్రక్కన కూర్చుండి పెట్టవలెనో, ఏ చెంప తుడువవలెనో, ఎడమచేతితో రెండుసార్లు తట్టినయెడల ఏమి అడుగుచున్నదో, ఒక్కసారి తట్టినయెడల ఏమి అడుగుచున్నదో, ఏ కీర్తనలు ఆమెకు వచ్చునో, అన్నియు వరుసగా, ఎవరు చదివినను అర్థమగునట్లు గుండ్రని అక్షరములతో వ్రాసియుండెను. తాను లేని దినమును ఆయన ముందుగానే తలంచి సిద్ధపరచిరి.

ఇప్పుడు ఆమె కుమారుని ఇంట ఉన్నది. తడిబట్ట వ్రేలికి చుట్టుకొని తల్లి చెంప తుడుచువాడు కుమారుడే. పుస్తకము మొదట చూచి చేసెడివాడు. ఇప్పుడు చూడవలసిన పనిలేదని చెప్పుచున్నాడు.

మన మాట

ప్రియులారా, ఈ కథ చదివి "ఎంత గొప్ప భర్త" అని మీరనుకొనవచ్చును. అట్లు అనుకొనుటకు ముందు ఒక్క సంగతి ఆలోచించుడి. ఇదే పనిని, ఇంతకంటె ఎక్కువ కాలము, మంచమెక్కిన భర్తలకును, అత్తమామలకును మన తల్లులు, అక్కలు, కోడండ్లు చేయుచున్నారు. వారి తలుపులకు ఎవరును అట్ట కట్టలేదు, వారిని గూర్చి ఎవరును పత్రికలో వ్రాయలేదు. చేసినవాడు పురుషుడైనందున మనకు వింతగా తోచినది. ఇది వింతగా తోచని దినము మన ఇండ్లలోనికి రావలెను.

పెండ్లి దినమున వ్యాధిలోను విడువనని సంఘము ఎదుట ప్రమాణము చేయుదుము. ఆ ప్రమాణము నెరవేర్చుటకు గొప్ప అవకాశములు రానక్కరలేదు. ఒక గిన్నె, ఒక చెంచా, ఒక తడిబట్ట చాలును. కష్టకాలములో నమ్మకద్రోహిని ఆశ్రయించుటను సామెతల గ్రంథము 25వ అధ్యాయము విరిగిన పంటితో పోల్చుచున్నది. ఆ పోలికలోని బాధ పన్ను విరిగినవానికి తెలియును. మంచముమీదనుండి భర్త ముఖము చూచు భార్యకు మరింత తెలియును.

నోరు మంచిదైతే ఊరు మంచిదందురు పెద్దలు. ఇంట గెలిచి రచ్చ గెలువుమనియు అందురు. మన దంతవైద్యుడు రచ్చలో చూపిన ఓర్పును ఇంటికి వచ్చి గడపలో విడువలేదు. బయటివారికి పదివరకు లెక్కపెట్టిన మనిషి, ఇంటిలో ఎనిమిది సంవత్సరములు లెక్కపెట్టక చేసిరి.

కావున మీ ఇంటిలో మంచముపట్టినవారుంటే, ఈ నెలలో మూడు పనులు చేయుడి. వారి నోరు తెరచి లోపల చూడుడి; శుభ్రముగా లేనియెడల పైన చెప్పిన ప్రకారము చేయుడి. వారిని ఇన్నాళ్ళు చూచుకొనుచున్న స్త్రీని ఒక పూట కూర్చుండబెట్టి, ఆ పనిని ఇంటి పురుషుడు చేయవలెను. ఆమె ఏమేమి చేయుచున్నదో అడిగి ఒక పుస్తకములో వ్రాసి పెట్టుడి. ఆమెకే జ్వరము వచ్చిన దినమున అది అక్కరకు వచ్చును.

ఇంటిలో రోగి సేవచేయుచు అలసియున్న ప్రతివారికిని ప్రభువు బలమును ఓర్పును అనుగ్రహించును గాక.